వెనక్కి ఎక్కే బండికి టైర్లు

1972 ఏప్రిల్‌లో నన్ను బెల్లంపల్లి వర్క్‌షాపు నుంచి గోదావరిఖని ఆటో గ్యారేజీకి అసిస్టెంట్ ఫోర్‌మన్‌గా బదిలీ చేశారు. నా పైన ఫోర్‌మన్, ఆయన పైన గ్యారేజీ ఇంజనీరు. నా కింద ఫిట్టర్లు, హెల్పర్లు, టైర్లు చూసే ఖాజా భాయ్. నలభై బండ్లు నా చేతి కింద నడిచేవని ఇంట్లో చెబుతుంటాను. నిజానికి పద్దెనిమిది. అందులో ఐదు ఎప్పుడూ ఇటుకల మీదే నిలబడి ఉండేవి.

నడిచే పదమూడింటిలో ఒక పికప్ వ్యాన్ సంగతి ఇది. ముందు ఇద్దరు పట్టే క్యాబిన్, వెనక తెరిచిన తొట్టి, దాని మీద టార్పాలిన్. వాగు అవతల కంపెనీ అప్పుడు కొత్త ఇంక్లైన్ తవ్వుతోంది. ఇంక్లైన్ అంటే నిలువు బావి కాదు, బొగ్గు పొర దాకా ఏటవాలుగా దిగే సొరంగం. దానికి ఇంకా రోడ్డు పడలేదు. ఉన్నది మూడు మైళ్ల ఎడ్లబండ్ల బాట, అంతా నల్లరేగడి, మధ్యలో వాగు. పొద్దున అక్కడికి దుంగలు, సామాను చేరవేయడం, ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ దవాఖానకు తీసుకురావడం ఆ వ్యాన్ డ్యూటీ. అంబులెన్సు ఆ బాటన పోలేదు.

వాగుకు ఊరి వైపు గట్టు ఇరవై అడుగుల ఎత్తని చాలామందికి చెప్పాను. పదకొండు అడుగులు. కొలిచింది కూడా నేనే. అయితే వాన పడ్డాక ఆ పదకొండు అడుగులే చాలు. ముందటేడు వానాకాలం వ్యాన్ ఆ గట్టు ఎక్కలేక ఇరుసు దాకా దిగబడింది. తొట్టిలో ఓదెలు ఉన్నాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. బండ పడి కాలు నలిగింది. నలుగురు అతన్ని భుజాల మీద మోసి దవాఖానకు చేర్చేసరికి పొద్దు గూకింది. కాలు మోకాలి కింద తీసేశారు. నేను వచ్చేనాటికి ఓదెలు మా గ్యారేజీ గేటు దగ్గర వాచ్‌మన్. రోజూ కూర్చునే సలాం కొట్టేవాడు, రోజూ ఒకటే ప్రశ్న.

“సార్, వాగు బండికి టైర్లెప్పుడు?”

ఆ రోజుల్లో టైరు మార్చడం చిన్న పని కాదు. పాత టైరు ఇక పనికిరాదని ముందు కాగితం పుట్టాలి. దాన్ని కండెమ్ చేయడం అంటారు. గాట్ల లోతు ఎంత, లోపలి కాన్వాసు తేలిందా, ఎన్ని మైళ్లు నడిచింది, అరిగిన పైరబ్బరు మళ్లీ అతికించి ఎన్నిసార్లు రీట్రేడు చేశారు, ఇవన్నీ రాసి ఫోర్‌మన్, ఇంజనీరు సంతకాలు పెట్టాలి. ఆ తరువాత స్టోర్సుకు ఇండెంటు, అంటే సామాను కోరుతూ చీటీ. స్టోర్సులో ఉన్నది ఇవ్వడమే గాని మనం అడిగింది దొరకడం అరుదు. ఆ మే నెలలో మాత్రం అదృష్టం కలిసొచ్చి మూడు రకాలూ ఉన్నాయి.

మొదటిది రోడ్డు టైరు, చుట్టూ నిలువు చారలు. తారు మీద మెత్తగా పోతుంది, బురదలో సబ్బుబిళ్ల. రెండోది మిలిటరీ టైరు, అడ్డంగా మందమైన దిమ్మెలు. ముందుకైనా వెనక్కైనా ఒకే రకంగా పట్టు. మూడోది లగ్గు టైరు. ట్రాక్టరు టైరులాగా ఏటవాలు పట్టీలు, మధ్యలో వెడల్పు సందులు. పట్టీలు రెండు వైపుల నుంచి వచ్చి మధ్యలో బాణం ములుకులా కలుస్తాయి. అందుకే ఈ టైరుకు దిక్కు ఉంది. పక్కన గోడ మీద బాణం అచ్చు వేసి ఉంటుంది. బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ఆ బాణం వైపు తిరగాలి. అప్పుడు సందుల్లోని బురదను పక్కలకు నెట్టేస్తుంది. ఉల్టా తిరిగితే బురదను మధ్యకు పోగు చేసుకుని నున్నటి గుండ్రాయి అవుతుంది.

ఏ టైరు తీసుకోవాలో తేల్చడానికి నేనొక పరీక్ష కనిపెట్టానని తరువాత చాలా మీటింగుల్లో చెప్పాను. వాగు గట్టు నుంచి రెండు బకెట్ల రేగడి తెప్పించి, తడిపి, మూడు టైర్ల సందుల్లో కూరి, నేల మీద దొర్లించి, ఏది బురద వదులుతుందో చూశాను అని. పరీక్ష జరిగింది, అబద్ధం లేదు. కాకపోతే ఆ సమయంలో నేను క్యాంటీన్‌లో మిర్చి బజ్జీ తింటున్నాను. నా మనసులో మిలిటరీ టైరు అప్పటికే ఖాయం. పేరు బాగుంది, చూపుకు గంభీరంగా ఉంది.

నేను తిరిగొచ్చేసరికి ఖాజా భాయ్, ఆ వ్యాన్ డ్రైవర్ రాజలింగు మోచేతుల దాకా బురదతో నిలబడి ఉన్నారు. ఖాజా భాయ్‌కి నాకన్నా ఇరవై ఏళ్లు ఎక్కువ. టైరును వేలితో కొట్టి లోపలి గాలి ఎంతుందో చెప్పేవాడు. గేజి పెట్టి చూస్తే ఒక పౌను అటూ ఇటూ, అంతే. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. మిలిటరీ టైరు దిమ్మెల మధ్య బురద ఇటుకలా బిగుసుకుపోయింది. లగ్గు టైరును రెండు చుట్లు దొర్లించి ఖాజా భాయ్ ఒక్క తన్ను తన్నాడు. బురద పెళ్లలుగా ఊడి నా బూట్ల మీద పడింది.

“దేఖో సాబ్, గిది మట్టిని ఇడుస్తది. మీ మిలిటరీది ఇంటికి తీస్కపోతది” అన్నాడు.

లగ్గు టైర్లకే ఇండెంటు రాశాను. మర్నాడు బిగించారు. పని చూసుకోవడం నా విధి గనక చుట్టూ తిరిగి చూశాను. ముందు చక్రాలు సరిగ్గా ఉన్నాయి. వెనక రెండింటికీ బాణం ఉల్టా ఉంది! కొత్తగా వచ్చిన ఆఫీసరుకు పాత పనిమంతుడి తప్పు దొరికితే కలిగే ఆనందం మీకు తెలిసే ఉంటుంది. గ్యారేజీ అంతా వినేటట్టు మొదలుపెట్టాను.

“ఏంది ఖాజా భాయ్, బాణం కనవడ్తలేదా? కండ్లద్దాలు రాపియ్యాల్నా?”

ఆయన నెమ్మదిగా చేతులు తుడుచుకున్నాడు. “కనవడ్డది సాబ్. ఆ బండి లోడు మీద ఎటు పోతదో మీరు సూసిన్రా?”

“బండి ముందుకే పోతది భాయ్, ఇంకెటు పోతది?”

అందరూ నవ్వారు. నా జోకుకే నవ్వారనుకున్నాను. రాజలింగు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపాను. సాయంత్రంలోగా తిప్పి బిగించాలని ఆర్డరు వేశాను. “సరే సాబ్” అన్నాడు ఖాజా భాయ్. మర్నాడు చెక్‌షీటు మీద ‘సరిచేయబడినది’ అని రాసి సంతకం పెట్టాను. వంగి చూడలేదు. ఆర్డరు వేశాక చూడడం ఎందుకనుకున్నాను.

జూలైలో ఇంక్లైన్ దగ్గరి కంప్రెసర్ ఇంజను మొరాయిస్తే మొదటి షిఫ్టులో నేనే వెళ్లాను. మూడు రోజులుగా ముసురు. పదకొండు గంటల వేళ సొరంగంలో బొగ్గు నింపిన టబ్బు పట్టాలు తప్పి కొమురయ్య పాదం మీద ఒరిగింది. టబ్బులు తోసే ట్రామర్ అతను. పాదం నుంచి నెత్తురు ఆగడం లేదు. ఫస్ట్ ఎయిడ్ మనిషి కట్టు కట్టి, జల్ది దవాఖానకు చేర్చకపోతే పాదం దక్కదన్నాడు. స్ట్రెచర్ తొట్టిలో పెట్టారు, తల క్యాబిన్ వైపు, కాళ్లు వెనక తలుపు వైపు. తోడుగా ఇద్దరు ట్రామర్లు ఎక్కారు. నేను క్యాబిన్‌లో రాజలింగు పక్కన.

వాగులో మోకాటి లోతు నీళ్లు. దాటాం. గట్టు కింద ఇసుకలోకి రాగానే రాజలింగు బండిని గుండ్రంగా తిప్పి, వెనక భాగం గట్టుకు పెట్టి నిలబెట్టాడు. రివర్సులో ఎక్కితే లగ్గు టైరు బురద మింగుతుంది, పుస్తకంలో ఉంది, నేను చదివాను.

“రాజలింగూ, ముందుకే పోనియ్! వెనుకకైతే టైరు పట్టది!”

అప్పుడు చెప్పాడు రాజలింగు, క్లచ్చు మీద నుంచి కాలు తియ్యకుండా. “సార్, ముందుకెక్కితే మనిషి జారి తలుపు మీదికొస్తడు, నెత్తురంత కాలికి దిగుతది. ఎనుకకెక్కితే కాలు మీదికుంటది, తల క్యాబిన్‌కు ఆనుకుంటది. దెబ్బ తగిలినోళ్లు ఉన్నప్పుడు ఈ గట్టు ఎప్పుడు గిట్లనే ఎక్కుత. ఓదెలన్నను గుడ గిట్లనే ఎక్కియ్య సూస్తి, పాత టైర్లు పట్టలే.” నా వైపు తలుపు చూపించాడు. “మీరు జర దిగుండ్రి. ముందట బరువు తగ్గుతది.”

నేను కదలలేదు. వెనక స్ట్రెచర్ మీద నుంచి కొమురయ్య గొంతు వినబడింది. “సార్‌నే దింపుర్రి రాజన్నా, నేనైతే నడువలేను.”

ఆ నొప్పిలో ఆ మాట అన్న మనిషి ముందు కూర్చోవడానికి సిగ్గేసి దిగాను. ట్రామర్లు ఇద్దరూ జరిగి వెనక తలుపు మీద కూర్చున్నారు, బరువు వెనక చక్రాల మీద పడాలని. రాజలింగు ఇంజనును గద్దించలేదు. నిదానంగా, ఒకే శబ్దం మీద, మెడ వెనక్కి తిప్పి ఎక్కించాడు. చక్రాలు రెండుసార్లు జారాయి. రెండుసార్లూ బురద రెండు పక్కలకు ఎగిరి, కింద గట్టినేల దొరికి, మళ్లీ పట్టుకున్నాయి. బండి పైకి చేరింది.

నేను దాని వెనకే గట్టు ఎక్కి, వెనక టైరు పక్కన బురద తుడిచి బాణం చూశాను. అది ఉల్టాగానే ఉంది, బండి వెనక్కి పోయేటప్పుడు చక్రం తిరిగే వైపే చూస్తూ. నా ఆర్డరు ప్రకారం తిప్పి బిగించి ఉంటే అది ముందుకు తిరిగే వైపు చూడాలి. ఖాజా భాయ్ తిప్పలేదు. “సరే సాబ్” అని, సరిగ్గా ఉన్నదాన్ని సరిగ్గానే ఉంచాడు.

కొమురయ్యకు రెండు వేళ్లు పోయాయి. పాదం నిలిచింది.

నాలుగు రోజుల తరువాత ఇంజనీరు బండి చూడడానికి వచ్చి, వెనక టైర్లు ఉల్టా బిగించడం ఎవరి ఆలోచన అని అడిగారు. “నాదే సార్” అన్నాను. నోరు నాకన్నా ముందు నడిచింది. మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది, నకలు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఖాజా భాయ్‌కి తెలుగు చదవడం రాదు. ఓదెలు కర్ర ఊతంతో లేచి వచ్చి ఆయనకు చదివి వినిపించాడు. ఖాజా భాయ్ నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

“ముబారక్ సాబ్. నాకు కండ్లద్దాలు రాపిస్తనన్న ముచ్చట గుడ ఆ కాగితంల ఉన్నదా?”

అంతే అన్నాడు. మరునాడే ఇంజనీరు దగ్గరికి వెళ్లి నిజం చెప్పానని రాయాలని ఉంది. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఓదెలు గేటు దగ్గర సలాం కొట్టాడు గాని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఆ మౌనం భరించలేకే వెళ్లాను. ఇంజనీరు పూర్తిగా విని, ఉత్తరం చింపలేదు, కోప్పడలేదు. తెల్లకాగితం ముందుకు తోసి, జరిగింది నా చేతిరాతతో రాయమన్నారు. ఖాజా, రాజలింగు పేర్లు మొదట రాశాను. చూడకుండా సంతకం పెట్టానని చివర రాశాను. అది కూడా బోర్డు ఎక్కింది.

మరునాడు గేటు దగ్గర ఓదెలు సలాం కొట్టి, “సార్, ఆ నీళ్ల ట్యాంకరుకు బ్రేకులెప్పుడు?” అన్నాడు.

తరువాత పదిహేనేళ్ల సర్వీసులో నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. బండి లోడుతో తన దారిలో పోయి వచ్చేదాకా ఒకసారి అందులో కూర్చోకుండా, ఏ టైరు ఇండెంటు మీదా సంతకం పెట్టలేదు. బాణం టైరు ఎటు తిరగాలో చెబుతుంది. బండి బరువు మీద ఎటు పోతుందో నడిపేవాడికే తెలుసు. ఆ గట్టు ఎత్తు ఇప్పటికీ పెంచే చెబుతుంటాను. రాజలింగు దాన్ని ఎక్కిన తీరును మాత్రం ఎన్నడూ పెంచలేదు. ఆ అవసరం పడలేదు.