చీమలు రాని ఇల్లు

పాండూరులో అలిమేలమ్మ ఇంటికి ఒక పేరుండేది, ఆ ఇంట్లో చీమ తిరగదని. బెల్లపు కుండ మూత తీసిపెట్టినా ఏమీ కాదని ఇరుగుపొరుగు చెప్పుకునేవాళ్ళు. దానికి కారణం పొయ్యి పక్క గూట్లో ఉండే గమాక్సిన్ పురుగుమందు డబ్బా. వరికి పురుగు పట్టినప్పుడు చల్లగా మిగిలిన పొడిని ఆవిడ పారేయక దాచి, గడపల వెంట, గోడల వారన ముగ్గు పోసినట్టు పోసేది.

ఆ పొడిని చేలల్లో దులిపేది ఆవిడ పెద్దకోడలు వజ్రమ్మ. పాత చీర గుడ్డలో మూటగట్టి, కర్రకు తగిలించి, గట్టు వెంట నడుస్తూ పైరు మీద దులపాలి. గాలి ఎటు తిరిగితే పొడి అటు. ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా తెల్లబడి ఉండేవి. మొగుడు రాజమాణిక్యం చూసి, "ఏమ్మే, అప్పుడే ముసిల్దానివైపోయినావే!" అని ఎగతాళి చేసేవాడు. ఆ చేతులే కొంగుకు తుడుచుకుని ఆమె వక్కాకు వేసుకునేది. ఊళ్ళో అందరూ అంతే. వద్దని చెప్పినవాళ్ళు లేరు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు, డెబ్బయ్యో దశకం చివర్లో, వజ్రమ్మ నీళ్ళోసుకుంది. బిడ్డ దక్కితే తిరుత్తణి కొండమీదే పుట్టువెంట్రుకలు తీయిస్తామని మొగుడు మొక్కుకున్నాడు. ఆమెకు వేరే ధ్యాస లేదు. నాట్లకు వంగే పనికన్నా ఇదే తేలికని, కడుపుతో ఉన్నా అత్త ఆమెను పొడి దులపడానికే పంపింది.

నెలలు నిండే కొద్దీ దాహం. చెంబుడు నీళ్ళు తాగినా నాలుక ఎండిపోయేది. కడుపు చూసి అమ్మలక్కలు, "కొండంత ఉండాడే నీ కొడుకు!" అంటే ఆమె లోలోపల మురిసిపోయేది. ఒక పొద్దున పెరట్లో తడిక చాటున, తను ఒంటికి పోయిన చోట, చీమలు బారు కట్టాయి.

"అత్తా, తడిక కాడ చీమలు పట్టినాయి."

"నా ఇంట్లోనా? ఎట్ల వస్తాయో చూస్తా ఉండు!"

అలిమేలమ్మ డబ్బా తెచ్చి తడికంతా తెల్లగా చల్లింది. మర్నాడూ చల్లింది, ఆ పైన రోజూ. వజ్రమ్మ అస్తమానం ఆ తెలుపులోనే కూర్చుని లేచేది.

ఆ వారంలోనే ఊళ్ళు తిరిగే నర్సమ్మ వచ్చింది. కడుపు తడిమి, మొహం చూసి, "దాహం జాస్తిగా ఉండాదా? ఒంటికి పోయిన కాడ చీమలు పడతా ఉండాయా?" అంది.

వజ్రమ్మ నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "చీమలా? మా ఇంట్లోనా? ఊర్లో యాడన్నా అడుగు నర్సమ్మా, అలిమేలమ్మ ఇంట్లో చీమ తిరగదు!"

నర్సమ్మ నవ్వింది. వజ్రమ్మా నవ్వింది. ఇప్పుడు లేవు గదా అనుకుంది. ఆ ప్రశ్న ఎందుకడిగారో ఆమెకు తెలియదు.

కాన్పు కష్టమై బండిలో తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. తల బయటపడింది, భుజాలు రాలేదు. బిడ్డ మగపిల్లవాడే, అందరూ అన్నట్టు కొండంత. ఏడవలేదు.

తరువాత డాక్టరమ్మ ఆమె మూత్రాన్ని నీలం మందులో కలిపి కాచి చూపించింది. నీలం పోయి ఇటుక రంగు తేలింది.

"ఇంత చక్కెర ఉంటే చీమలు పట్టవా? ఎవరూ చూడలేదా?"

అలిమేలమ్మ గోడవైపు తిరిగింది. వజ్రమ్మే పొడి సంగతి చెప్పింది, చేలల్లోదీ తడికదీ.

"అది విషం. కడుపుతో ఉన్నదాన్ని దాని దగ్గరికి పోనిస్తారా!"

"చక్కెర దానివల్లే వచ్చిందా అమ్మా?"

డాక్టరమ్మ గాజుగొట్టాన్ని పక్కన పెట్టింది. "అది నేను చెప్పలేనమ్మా."

ఆ తరువాత వజ్రమ్మకు కడుపు పండలేదు. డాక్టరమ్మ చెప్పలేనన్న మాట గురించి ఆమె ఎంత ఆలోచించినా అది అక్కడే ఆగిపోయేది. చీమలు మాత్రం వచ్చాయి. వచ్చి చెప్పబోయాయి.

రెండేళ్ళకు తోడికోడలు ఇంద్రాణి కడుపుతో ఉన్నప్పుడు తడిక దగ్గర మళ్ళీ బారు కనబడింది. అత్త చెయ్యి అలవాటుగా గూట్లోకి పోయింది. వజ్రమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ముట్టద్దత్తా. ఇంద్రాణీ, లెయ్యి, ఆసుపత్రికి పోదాం."

ఇంద్రాణి మొహం ఎర్రబడింది. "నీ బిడ్డ పోయినాడని నా బిడ్డా పోవాలనా అక్కా? ఎందుకు ఈ ఏడుపు?"

వజ్రమ్మ మరిది దగ్గరికి పోయి చెప్పింది. అతను వినకపోతే వినేదాకా గుమ్మంలో కూర్చుంది. ఆసుపత్రిలో నీలం మందు మళ్ళీ ఇటుక రంగయింది. ఇంద్రాణికి పథ్యం పెట్టారు, కాన్పు దాకా చూసుకున్నారు. ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది.

ఉయ్యాల తొట్టిలో వేసే రోజు ఊరంతా వచ్చింది. బిడ్డ ఒక ఒడి నుంచి ఇంకో ఒడికి మారుతోంది. వజ్రమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని ముందుకొచ్చేసరికి ఇంద్రాణి బిడ్డను భుజాన వేసుకుని, "పాలకు ఏడస్తా ఉండాది" అని లోపలికి పోయింది. బిడ్డ ఏడవడం లేదు.

అలిమేలమ్మ అది చూసింది. "వజ్రా, పాకం చూడు, ముదిరిపోతా ఉండాది" అంది.

ఆమె పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. గరిటె నుంచి ఒక చుక్క నేలమీద పడింది. డబ్బా ఉండే గూడు ఖాళీగా ఉంది. కాసేపటికి గోడ వార నుంచి ఒక చీమ వచ్చింది, దాని వెనక ఇంకొకటి. వజ్రమ్మ కాలు పక్కకు జరుపుకుని వాటికి దారిచ్చింది.