బీరమ్మ గల్లీలో పాండు రాయి

ఆ రాయిని పాండు ఎందుకు తిరగేశాడు?

నెలలు గడిచాయి. పాల ప్యాకెట్టుకు రోజూ ఆ గల్లీ మీదుగానే వెళ్తాను. రోజూ ఆ దిమ్మె దగ్గర కాసేపు నిలబడతాను. జవాబు దొరకదు. పిసినారితనం అనుకుందామంటే పాండు పిసినారి కాడు. పగ అనుకుందామంటే, పగ పట్టినవాడు రాయికి అంత నున్నగా పాలిష్ పట్టించడు. ఇంకేదో ఉంది. అది నాకు అందడం లేదు.

రాయి సంగతి తెలియాలంటే ముందు మనిషి సంగతి చెప్పాలి. ఏ మున్సిపాలిటీ అని మాత్రం అడక్కండి. వికారాబాద్‌కూ తాండూరుకూ మధ్య రైల్లో తిరిగేవాళ్లు ఎవరి ఊరు వాళ్లు అనుకుంటారు. అనుకోనివ్వండి.

పాండుది ధారూర్ పక్కన ఒక పల్లె. తండ్రి హన్మయ్య జీవితమంతా పరాయి చేలల్లో పని చేశాడు. పదో తరగతి తప్పాక పాండు రైలెక్కి వచ్చి యాదగిరి పటేలు పాలిషింగ్ యూనిట్లో చేరాడు. తెల్లారి లేస్తే రాతిపొడి, నీళ్లు, మిషను చప్పుడు. ఒకరోజు విరిగిన బండ ముక్క మీద పొద్దుపోక తన పేరు చెక్కుకున్నాడట. పటేలు చూసి తిట్టబోయి, ఆ అక్షరాలు చూసి ఆగిపోయాడు. మర్నాటి నుంచి పాండు పని మారింది. మిషను వదిలి ఉలి పట్టాడు. కొన్నేళ్లకు బస్టాండు రోడ్డులో, మా ఇంటి పక్కనే, సొంత దుకాణం పెట్టుకున్నాడు.

చెక్కేది ఎక్కువగా శిలాఫలకాలే. మున్సిపాలిటీ నుంచి వచ్చిన కాగితం పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడేవాడు. "సార్, జర సూడుండ్రి. తప్పు పడితే బండ కరాబైతది." నేను రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడిని. చదవడం తప్ప వేరే పని లేదు. గోడ మీద రాసిందైనా సరే, చదవకుండా దాటిపోలేను. అలా ఇరవై ఏళ్లపాటు ఈ పట్టణంలో నిలబడ్డ ప్రతి రాయినీ, అది నిలబడకముందే చదివాను.

శిలాఫలకంలో పని గురించి ఉండేది ఒక్క వాక్యం. మిగిలినదంతా మనుషులే. పై నుంచి కిందికి ఎవరి తర్వాత ఎవరు రావాలో, ఎవరి అక్షరం ఎంత ఎత్తుండాలో, దాన్నే ప్రోటోకాల్ అంటారు. మా మున్సిపాలిటీలో అది పాండుకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పైవాళ్లకు రెండంగుళాలు, ఆ కిందివాళ్లకు ఒకటిన్నర, చైర్మన్‌కు ఒకటి, వార్డు కౌన్సిలర్‌కు అరంగుళం. కాంట్రాక్టర్ పేరు ఉండదు. ఉండకూడదని కాంట్రాక్టరే కోరుకుంటాడు.

ఒకసారి బస్సు షెల్టరు దగ్గర ఇద్దరు నాయకుల పేర్లలో ఏది పైన రావాలన్నది తేలక ఒకే ఫలకాన్ని మూడుసార్లు చెక్కాల్సి వచ్చింది. మూడోసారి ఇద్దరి మనుషులూ దుకాణం ముందు కూర్చుని, టేపు పెట్టి అక్షరాలు కొలిచారు. ఆ రాయి నాటేనాటికి షెల్టరు మీది రేకు గాలికి ఎగిరిపోయింది. రాయి ఇప్పటికీ ఉంది. జనం దాని నీడలోనే నిలబడతారు, అంటే ఒకరు నిలబడొచ్చు.

పాండు కౌన్సిలర్ ఎలా అయ్యాడంటే, ఫోటోల వల్ల. రాయి నాటడానికి పొద్దున్నే వెళ్లేవాడు, తెర సరిగా జరుగుతుందో లేదో చూడటానికి చివరిదాకా అక్కడే ఉండేవాడు. దాంతో ప్రతి ప్రారంభోత్సవం ఫోటోలోనూ ఒక మూల అతను పడేవాడు, చేతులకు సిమెంటుతో. పేపర్లో ఆ ఫోటోలు చూసి చూసి జనం, ఈ మనిషి లేనిదే ఏ పనీ కావడం లేదని నమ్మారు. మురుగు పారే మోరీలు పూడిపోయాయనీ, లైట్లు వెలగడం లేదనీ దుకాణానికి వచ్చి అతనికే చెప్పుకోసాగారు. మొదట్లో "నాకేం ఎరుక, నేను రాయి కొట్టేటోన్ని" అనేవాడు. తర్వాత్తర్వాత "సూస్త" అనడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటతో సగం నాయకుడైపోయాడు.

రెండు వేల ఇరవై ఎన్నికలకు నామినేషన్ కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"సార్, ఇరవై ఏండ్ల సంది మందోళ్ల పేర్లే చెక్కుతున్న. నా పేరు గూడ ఒక్కపారి చెక్కుకుంట."

"దానికి ఎన్నికెందుకు పాండూ? బండ నీదే, ఉలి నీదే."

"ఉత్తగ చెక్కుకుంటె సమాధి అంటరు సార్."

వృత్తి అని ఉన్న చోట 'శిలాక్షరాలు చెక్కుట' అని రాశాను. చూసి నొచ్చుకున్నాడు. "గట్ల రాస్తె ఓటెవడేస్తడు సార్? సమాజ సేవ అని రాయుండ్రి."

కొట్టేసి రాశాను. స్వతంత్రుడిగా నిలబడి గెలిచాడు. గెలిచినవాళ్ల పరిచయాలతో ఎవరో ఒక చిన్న పుస్తకం అచ్చు వేశారు. చదివే జబ్బు ఉంది కదా, అట్ట నుంచి అట్ట దాకా చదివాను. కందుల వ్యాపారి వృత్తి వ్యవసాయం. ప్లాట్లు అమ్మినాయనది సమాజ సేవ. కొన్నవాళ్లు ఆ ప్లాట్లు ఎక్కడున్నాయో ఇంకా వెతుక్కుంటున్నారు. నలుగురు మహిళా సభ్యుల ఫోటోల కింద ఉన్న ఫోన్ నంబర్లు వాళ్ల భర్తలవి. ఒకాయన చదువు 'డిగ్రీ, మధ్యలో'. అందరి గతాలూ ఒకే సున్నం వేసిన గోడల్లా తెల్లగా ఉన్నాయి. పాండు పేజీలో 'చిన్ననాటి నుండే ప్రజాసేవకు అంకితమై' అని ఉంది. ఆ వాక్యం నాదే. నేను సిగ్గుపడే వాక్యాలు తక్కువేమీ లేవు గానీ, అది అచ్చులో ఉంది.

ఇక మా వార్డులో రాళ్లు మొలిచాయి. బోరింగు రిపేరు చేస్తే రాయి. వీధిలైటు మారిస్తే స్తంభం కింద రాయి. కూర్చోవడానికి వేసిన బెంచీకి రాయి, ఆ రాయి బెంచీ కన్నా పెద్దది. ప్రోటోకాల్ మాత్రం తప్పలేదు. తన పేరు అరంగుళమే చెక్కుకునేవాడు. అయినా దూరం నుంచి కూడా అతని పేరే ముందు కనిపించేది. ఒకరోజు అడిగాను.

"ఏం పాండూ, నీ పేరు సైజు పెంచినట్టున్నావే?"

"తప్పు సార్, సైజు పెంచలే. లోతు పెంచిన." ఉలి మొన తుడుచుకుంటూ, "లోతు గురించి ప్రోటోకాల్ల ఏం లేదు" అన్నాడు.

బీరమ్మ గల్లీలో మోరీ కట్టడానికి శంకుస్థాపన జరిగింది ఆ రోజుల్లోనే. ఆ గల్లీకి బీరమ్మ పేరు ఎవరూ పెట్టలేదు. ఆమె నోరు వినిపించినంత మేర ఆమె గల్లీ. వాన పడితే మురుగు ఆమె ఇంట్లోంచి వెళ్లేది. ఇటుకల దిమ్మెకు రెండంగుళాల మందం తాండూరు బండ ఆనించి నిలబెట్టి, కొబ్బరికాయ కొట్టి, అందరూ వెళ్లిపోయారు. మోరీ రాలేదు. ఒక వాన, రెండో వాన, మూడో వాన. బీరమ్మ ఆ రాతికేసి బాది బట్టలు ఉతకడం మొదలుపెట్టింది.

"ఓ కౌన్సిలరూ! మోరేది కొడుకా?" అని దారిలో కనిపించినప్పుడల్లా అడిగేది.

"వస్తది అవ్వా. ఫికర్ వెట్టుకోకు. ఫైలు కదిలింది."

"ఫైలు కదిలిందని మురికినీళ్లకు జెప్పిపో, ఇంట్లకు రావొద్దని."

నవ్వుకున్నాను గానీ, ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఒక్క మోరీ కోసం పాండు నిజంగానే తిరిగాడు. ఉలి పక్కన పెట్టి ఆఫీసుల చుట్టూ, వికారాబాద్ కలెక్టరేట్ చుట్టూ రెండేళ్లు తిరిగాడు. ఎట్టకేలకు మంజూరు కాగితం చేతికొచ్చింది. ఆ నెలలోనే కౌన్సిల్ గడువు ముగిసింది. ప్రత్యేకాధికారి వచ్చాడు. మంజూరైన మోరీ బీరువాలో పడుకుంది.

మొన్నటి ఎన్నికల్లో అతని మీద నిలబడింది ఎవరో కాదు, యాదగిరి పటేలు. వయసు మీద పడ్డాక పటేలుకు కూడా సమాజ సేవ మీద మనసు పుట్టింది. పాండు ఆ మంజూరు కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటింటికీ చూపించుకుంటూ తిరిగాడు. బీరమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ కాయితంల నీళ్లు పారుతయా?"

"అవ్వా, నన్ను గెలిపియ్యి. ఎండకాలం దాటకముందె మోరి తవ్విస్త. తవ్వియ్యకుంటె గా రాయి నేనే పీకేస్త. నా చేతుల్తోని."

"పీకకు. బట్టలేడ ఉతకాలె?"

గల్లీ అంతా నవ్వింది. పాండు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. ఈసారి గెలవకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. మళ్లీ మందోళ్ల పేర్లు. భార్య శ్యామల నా దగ్గరికి వచ్చి చెప్పింది, "నిద్రల గూడ ఓట్లు లెక్కవెడుతుండు సార్. మీరన్న చెప్పుండ్రి జర" అని. నేనేం చెప్తాను? ఓటు వేశాను.

పద్నాలుగు ఓట్లతో ఓడిపోయాడు. బీరమ్మ గల్లీలో నలభై ఓట్లున్నాయి.

పటేలు గెలిచిన నెలన్నరకే మోరీ తవ్వారు. పాండు తెచ్చిన మంజూరుతోనే తవ్వారు. ప్రారంభోత్సవానికి రాయి కావాలి కదా. పటేలు స్వయంగా దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే పేపరు చదువుతున్నాను.

"ఏమనుకోకు పాండూ. నీ చెయ్యసుంటి చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. నేనే నేర్పిన గద నీకు."

"నేర్పలే పటేలా. ఆపలే, గంతే."

పటేలు నవ్వాడు, మెచ్చుకోలు అనుకున్నట్టున్నాడు. జేబులోంచి పేర్ల కాగితం తీసి ఇచ్చాడు. పాండు పై నుంచి కింది దాకా చదివి, కాగితాన్ని తిరగేసి వెనక వైపు కూడా చూశాడు. అక్కడేమీ లేదు.

"మరి మాజీ కౌన్సిలర్ పేరు ఏడ వెట్టాలె?" అని మెల్లగా అడిగాడు.

"నన్నడుగుతవేందిరా? ప్రోటోకాల్ నాకన్న నీకే ఎరుక."

పాండు కాగితాన్ని మళ్లీ ముందు వైపుకు తిప్పాడు. అన్నీ తెలిసినవాడు కదా. "మాజీలకు లేదు పటేలా" అన్నాడు చివరికి.

"అగో, నువ్వే అన్నవ్. ఇగ గా పాత రాయి గూడ తీసెయ్యి. ఎన్నడు వెట్టిందో ఏమో, అవ్వ బట్టలుతుకుతున్నది దాని మీద."

"తీసేస్త. మాటిచ్చిన గద" అన్నాడు పాండు. ఎవరికి ఇచ్చిన మాటో పటేలుకు అర్థం కాలేదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే తడి గోనెసంచిలో చుట్టిన రాయితో పాండు ఆటోలో వచ్చాడు. పాత దిమ్మె ఖాళీగా ఉంది. రాయిని రెండో పక్క పట్టుకోవడానికి ఎవరూ లేకపోతే నేనే వెళ్లాను. గోనె విప్పాం. ముందు వైపు పటేలు పేరు, పైవాళ్ల పేర్లు, అన్నీ బంగారు రంగులో మెరుస్తున్నాయి. రాయిని దిమ్మెకు ఆనించబోతూ ఎత్తినప్పుడు వెనక వైపు నా కంట పడింది.

చదవకుండా ఉండలేను కదా. బీరమ్మ గల్లీలో మురుగు కాలువ నిర్మాణానికి శంకుస్థాపన. తేదీ. అందరి పేర్లూ. అన్నిటికన్నా కింద, అరంగుళం ఎత్తులో, వేలిగోరు పూర్తిగా దిగిపోయే లోతులో, వార్డు కౌన్సిలర్ శ్రీ ధ. పాండు.

"ఇదేంది పాండూ?"

"రాయి మంచిది సార్. పారేయ బుద్ధి గాలె."

ముందు వైపు మళ్లీ చూశాను. పటేలు పేరు రంగు వల్ల మెరుస్తోంది గానీ, వేలితో తడిమితే గీత పెట్టినట్టుందంతే. నేను తడమడం అతను చూశాడు.

"జర పైపైన్నే చెక్కిన సార్. ఎనుక జాగ లేదు. లోతుకు పోతె బండ పొక్క వడ్తది."

ఆ మాట అంటూనే తాపీతో సిమెంటు తీసి వెనక వైపు మెత్తాడు. ముందు పైవాళ్ల పేర్ల మీద, ఆ తర్వాత చైర్మన్ పేరు మీద. చివర తన పేరు. అది లోతు కదా, రెండు తాపీలు పట్టింది. రాయిని దిమ్మెకు అదిమి, నిలువు సరిగా ఉందో లేదో తూకం దారం పట్టి చూసి, తెర కట్టాడు.

పదిన్నరకు అందరూ వచ్చారు. తెర తొలగింది. పటేలు మాట్లాడుతూ ఈ మోరీ తన చిరకాల స్వప్నమన్నాడు. పూలదండలు తెచ్చినవాళ్లకూ, మైకు పెట్టినవాళ్లకూ, టీ పోయించిన ఆయనకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాడు. బీరమ్మ ముందుకొచ్చి రాయిని ఎగాదిగా చూసి, "పాత రాయేది? ఏడ వారేసిన్రు?" అని గట్టిగా అడిగింది. పటేలు మెడలో దండ సర్దుకున్నాడు. నేను వేలికంటిన సిమెంటు తుడుచుకున్నాను.

"అందరు ఇటు రాండ్రి, ఫోటో" అని ఎవరో పిలిచారు. జనం రాయి చుట్టూ సర్దుకున్నారు. ఇన్నేళ్ల అలవాటుతో నేను ఫోటో మూలకు చూశాను. అక్కడ పాండు లేడు.

గల్లీ మధ్యలో, కొత్త మోరీ పక్కన కూర్చుని సిమెంటు బకెట్టు కడుగుతున్నాడు. కడిగిన నీళ్లు మోరీలో పోశాడు. బూడిదరంగు నీళ్లు ఒక్క క్షణం నిలిచి, తర్వాత కదిలాయి. బీరమ్మ గడప దాటి, పక్కింటి గడప దాటి సాగిపోయాయి. పాండు లేచి, బకెట్టు చేతిలో పట్టుకుని వాటి వెంట నడిచాడు, ఎక్కడైనా ఆగుతాయేమో చూస్తున్నట్టు. ఆగలేదు. గల్లీ చివర నీళ్లు పెద్ద కాలువలోకి తిరిగాయి, అతను రోడ్డు మీదికి తిరిగాడు. అతని కోసం పట్టుకున్న టీ గ్లాసు నా చేతిలో ఉంది. తూకం దారం దిమ్మె మీదే ఉంది.