చీడ్ అంటే చీడ కాదక్కా

ఇందులో ప్రతి అక్షరం నిజమని బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను. నన్ను ఎరిగిన మా కనేరి పేట వాళ్ళు ఈ మాటకే నవ్వుతారు. నవ్వనివ్వండి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలం. కాల్హేర్ గోదాముల మధ్య నాకు ప్యాలెట్లు చేసే కార్ఖానా ఉంది. ప్యాలెట్ అంటే సరుకు కింద వేసే చెక్క పీట. ఫోర్క్‌లిఫ్ట్ దాన్ని సరుకుతో సహా ఎత్తుతుంది. మేము వాడేది పైన్ కట్టె.

శాంతి నగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే సుగుణక్క మా చర్చి మనిషే. ఇన్నేళ్ళూ షావుకార్లకు బట్ట నేసిచ్చిన ఆవిడకు మొదటిసారి నేరుగా విదేశీ ఆర్డరు దొరికింది. సాయంత్రానికల్లా తెల్లబట్ట మా ప్యాలెట్ల మీద కంటైనర్ ఎక్కాలి. ఓడ తప్పితే ఆర్డరే పోతుంది.

ప్యాలెట్లు చూసుకుందామని ఆవిడ లోపలికి వచ్చేసరికి, కొండ ప్రాంతం నుంచి వచ్చిన మా పెద్ద మేస్త్రీ ఉస్తాద్ "చీడ్ కా మాల్ ఇధర్ లావ్" అని, చీడ్ సరుకు ఇటు తెమ్మని, కేక వేశాడు. హిందీలో చీడ్ అంటే పైన్ చెట్టు. ఆ మాట సుగుణక్క చెవిలో తెలుగై పడింది.

"ఏంది తమ్మీ, చీడ పట్టిన కట్టె నాకు అంటగడుతున్నవా?"

"చీడ కాదక్కా, చీడ్. చెట్టు పేరు."

"పేరే గట్లుంటే చెట్టెట్లుంటది? మరి గీ నీలం చారలేంది?"

చారలు నిజంగానే ఉన్నాయి. వాటిని బ్లూ స్టెయిన్ అంటారు. కొట్టిన దుంగను వెంటనే కోసి ఆరబెట్టకపోతే ఒక రకం బూజు లోపలికి దిగి ఈ రంగు తెస్తుంది. అది కట్టెలోని చక్కెర తింటుందే గాని బలాన్ని ముట్టదు. అదే చెప్పాను. కానీ సాంచాల మనిషికి డాగు అంటే డాగే. తెల్లబట్టకు అంటితే మాల్ వాపస్.

"నీ బూజు ముచ్చట నాకెందుకు? నా బట్టకు అంటదని ఎట్ల నమ్మాలె?"

ఆవిడ వెంట తెచ్చిన బట్టలోంచే ఒక పీలిక చింపించి, తడిపి, నీలం పలక మీద పరిచి, పైన బరువు పెట్టించాను. చాయ్ తెప్పించాను. చాయ్ చల్లారుతున్నా ఆవిడ కూర్చోలేదు. పలకల్లో ఒకదాన్ని ఏరి పక్కన పెట్టింది.

"గిసొంటియి కట్టు. పాల లెక్కున్నది."

నేను సుత్తితో కొట్టాను. మిగతావి ఖంగుమంటే అది మెత్తగా దబ్‌మంది. గోరు గుచ్చితే దిగిపోయింది. వైట్ రాట్: కట్టెను తినేసి తెల్లటి పీచు మిగిల్చే బూజు.

ఈ తెగులును నేను ఉస్తాద్ ఊరి అడవిలో కళ్ళారా చూశాను. చెట్లు కిక్కిరిసిన చోట కొన్ని కొట్టి పలచన చేస్తారు. పచ్చి మోడు మీద వెంటనే మందు పూస్తారు. పూయకపోతే గాలిలోని బూజు మోడులో దిగి, వేరూ వేరూ తగిలిన చోట పక్క చెట్టుకు పాకుతుంది. గార్డులు చెట్లను కొట్టి వింటారు. నేనూ ఒకదాన్ని కొడితే, బోలు పడిన ఆ మానులోంచి ఎలుగుబంటి గుర్రుమంది. ఇదంతా అక్కకు చెప్పాను.

"ఎలుగ్గొడ్డును సుత్తె పెట్టి లేపినవా?"

"లేపి, సారీ అని తలుపేసి వచ్చినక్కా."

ఆవిడ నవ్వు ఆపుకుంటూ పీలిక తీసి, వెలుతురుకు పట్టి, పోగు పోగు చూసింది. జిగురు వాసన తప్ప ఏమీ లేదు.

"డాగు లేదు. గని అన్నీ కొట్టి ఇనిపియ్యి."

ప్రతి పలకా కొట్టి వినిపించాను. మరో రెండు నేనే తీసి అవతల పారేశాను. చీకటి పడకముందే కంటైనర్ కదిలింది. బట్ట మచ్చ లేకుండా చేరింది, ఆర్డరు మళ్ళీ వచ్చింది. ఇప్పుడు ఆవిడ ఫోన్ చేస్తే, "నీలం చీడే పంపు తమ్మీ" అంటుంది.

రంగు చూసి కట్టెను తోసెయ్యకూడదని, తెలుపు చూసి నమ్మకూడదని ఆ రోజు గట్టిగా తెలిసింది. సుత్తి చప్పుడులో పుచ్చును పట్టే చెవి ఈ కాల్హేర్‌లో నాకున్నట్టు ఇంకొకరికి లేదు. ఇది గొప్ప కాదు, ఉన్నమాట.

కల్పించింది ఒక్కటే. ఆ అడవి ఉస్తాద్‌ది, మాటలూ అతనివే. ఎలుగుబంటి మాత్రం పూర్తిగా నాది. నిలబడి ఉన్న పైన్ చెట్టును నేను ఇంతవరకూ చూడలేదు. నాకు తెలిసినవన్నీ లారీలో పడుకుని వచ్చినవే.