సుక్రు అడగని మాట

చింతపల్లి కొండల్లో పశువును పట్టడం ఎవరికి తెలుసంటే సుక్రు పేరే చెప్పేవారు. చదివింది అయిదో తరగతే. అయితేనేం, పశువుల ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు అటెండరుగా చేశాడు. రిటైరయ్యాక కూడా వెటర్నరీ కాలేజీ పిల్లలు కొండకు వస్తే కబురు సుక్రుకే. జెండా పండగనాడు పదిమందిలో మెచ్చుకోలు కాగితం అందుకున్నాడు. అన్నిటికన్నా పెద్ద మాట, అతని తాడులో ఒక్క పశువూ ప్రాణం విడవలేదు. ఆ మాట తనే చెప్పుకునేవాడు. చెప్పుకోదగిన మాటే.

కొండ ఆవుకు పాలు పితికే చెయ్యి తెలియదు, దాని పాలు దూడకే. అందుకని ముందు మెడ గోకి, పలకరించి, ఆ తర్వాతే చెయ్యి వెనక్కి జరపమనేవాడు. ఒక కుర్రాడు తిన్నగా తోక పట్టుకోబోతే, "అది బస్సు కమ్మీ కాదు బాబూ, ఒగ్గెయ్" అన్నాడు.

నిరుడు మాఘంలో వచ్చిన పిల్లలకు ఎద్దును తాడుతో పడుకోబెట్టి, గిట్ట పుండుకు కట్టు కట్టడం చూపాలి. ఎద్దు అతని వియ్యపురాలు అచ్చియమ్మది. పడుకోబెట్టే పశువుకు ముందురోజు సాయంత్రం నుంచే మేత ఆపాలి. నిండు కడుపుతో పడితే తిన్నది ఎగదన్ని ఊపిరికి అడ్డుపడుతుంది. సుక్రు చెప్పే మొదటి పాఠమే అది. కానీ కూతురినిచ్చిన ఇంటికి పోయి ఎద్దును పస్తు పెట్టమనడం ఎలా? వియ్యాలవారి పశువు మేత గురించి అడిగితే వాళ్ల కలిమిని అడిగినట్టే. పొద్దున్నే తోలుకురమ్మని మాత్రం చెప్పాడు. పిల్లలతో వచ్చిన డాక్టరమ్మ మాధవి మేత సంగతి అడిగితే, అంతా చూసుకున్నానని తల ఊపాడు.

వియ్యంకుడి పరువు తన పరువే అనుకుంది అచ్చియమ్మ. పదిమంది ముందు ఎద్దు డొక్కలు ఎండి కనబడకూడదని చోడి అంబలి, అదే రాగి జావ, కడుపునిండా తాగించి మరీ తెచ్చింది.

సుక్రు తాడు బిగించాడు, ఎద్దు మెత్తగా ఒరిగింది. కాసేపటికి ముక్కులోంచి అంబలి వచ్చింది. తాడు విప్పారు, ఎద్దు తల కిందికి వంచారు, డాక్టరమ్మ గొంతులోకి చెయ్యి పెట్టి లాగింది. ఎద్దు లేవలేదు. ఫోన్లలో వీడియో తీస్తున్న పిల్లలు ఒక్కొక్కరే చేతులు దించారు.

"నానే పెట్టినాను అన్నయ్యా. నానే సంపుకున్నాను" అంది అచ్చియమ్మ, ఎద్దు మెడ మీద చెయ్యి వేసి.

యజమాని తెలియక మేత పెడితే ఇలాగే అవుతుందని డాక్టరమ్మ పిల్లలకు చెప్పసాగింది. సుక్రు ఊరుకుంటే చాలు, అన్నేళ్ల పేరు నిలుస్తుంది. సగం చుట్టిన తాడు కింద పెట్టాడు.

"ఆవిడి తప్పు కాదమ్మా" అన్నాడు చివరికి. "పెట్టొద్దని నాను సెప్పలేదు. వియ్యాలోరని అడగడానికి సిగ్గుపడ్డాను."

అచ్చియమ్మ తల ఎత్తలేదు. "అడిగితే ఏటయ్యేది అన్నయ్యా?" అంది మెల్లగా.

ఇంటి దగ్గరున్న జత ఎద్దుకు నీళ్లు పెట్టాలని ఆమె లేచి వెళ్లిపోయింది. సుక్రు గునపం తెచ్చి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. పిల్లలు అందుకోబోతే ఇవ్వలేదు.