టీవీల నా వీపు

ఆ రోజుల్ల టీవీల కనవడుడంటే మాటలు కాదు. సుబేదారిల మా గల్లీ మొత్తానికి ఒక్కటే టీవీ, అది గూడ నలుపు తెలుపుది, వకీలు సాబు ఇంట్ల. ఇప్పుడు మా మనవరాలు కూసున్నా లేసినా డాన్సు వీడియో తీసి, ‘జర సూడు అమ్మమ్మా’ అని ఫోను మొకం ముందట పెడ్తది. సూసి సూసి కండ్లు గుంజుతానయి. కాదంటె అలుగుతది, ఏం జేత్తం.

నాకు పద్నాలుగేండ్లప్పుడు టీవీల పిల్లల డాన్సు పోటీకి మా బడిని హైదరాబాదుకు పిలిచిండ్రు. మేం ఆడేది బతుకమ్మ. బాపు వద్దన్నడు. (మా బాపు దుకాణంల గిరాకితోని తప్ప ఇంట్ల ఎవలతోని నవ్వెటోడు కాదు.) ‘ఆడివిల్ల మొకం ఊరంత సూడాల్నా?’ అన్నడు. అమ్మ అన్నం ముట్టలే. ‘నా బిడ్డ మొకం టీవీల నేను సూడాలె’ అని ఒక్కటే పట్టు. ఆఖరికి బాపు, ‘మీ ఇష్టం, నన్ను మాత్రం అడగకుండ్రి’ అన్నడు.

ఫస్టు రావాల్నని మా టీచరమ్మ మనిషెత్తు బతుకమ్మ పేర్పిచ్చింది. దాన్ని రైల్ల పట్టుకపొయ్యేసరికే మా రెక్కలు పడిపోయినయి, ఇగ ఆడుడెక్కడిది. అయినా లైట్ల కింద బతుకమ్మ సుట్టు తిరుక్కుంట, వంగి వంగి చప్పట్లు గొట్టినం. కెమెరా ఆయన నెత్తి గోక్కున్నడు. ఇవతలున్నోళ్లయి వీపులే కనవడ్తానయట, అవతలున్నోళ్లు పూల ఎన్క మాయమైతాండ్రట. ‘జర బయటి దిక్కు తిరిగి ఆడుండ్రమ్మా’ అన్నడు. టీచరమ్మ కొంగు నడుముకు చెక్కి, ‘గౌరమ్మకు వీపు వెట్టి ఆడుతరా ఎవలన్న?’ అన్నది. ఆయన కెమెరా ఎన్కకు వొయ్యి అట్లనే తీసుకున్నడు.

టీవీల ఏసిన నాడు వకీలు సాబు ఇంట్ల కాలు పెట్ట జాగ లేదు. అమ్మ అందరికంటె ముందల కూసుంది. దర్వాజ కాడ చెప్పులిడువకుంట బాపు నిలవడ్డడు. (గిరాకి లేదని అచ్చిండట.) జడలు, వీపులు, పూలు, మల్ల జడలు. అయిపోయింది. అమ్మ ఏడ్సినంత పని జేసింది. ‘మీ ఆయన కోరిక తీరింది తియ్యక్కా, మొకం ఎవలకు కనవడలే’ అన్నది వకీలు సాబు భార్య.

ఇంటికి వోతాంటె బాపు మెల్లగ అమ్మనడిగిండు, ‘అండ్ల మన పిల్ల ఏదే? గుడ్లప్పగిచ్చి సూసిన, దొరకలే.’

అమ్మ నా దిక్కు సూసింది. నాకేం తెల్సు? నా వీపు నేనెన్నడన్న సూసుకున్ననా?

గిప్పుడు ఏ పెండ్లి వీడియోల సూసినా నా మొకం కావల్సినంత కనవడ్తది. గుడ్లప్పగిచ్చి దేవులాడెటందుకు బాపు లేడు.