నుదుటి మీద సిలువ

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఉన్న భక్తి కన్నా నా భక్తి మీద నాకున్న భక్తి ఎక్కువ. ఇరవై రెండేళ్ళ వయసు. గనుల టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగి, డిగ్రీ అయిందనిపించుకుని, భోపాల్‌పట్నం అవతల ఒక ఊళ్ళో చర్చివాళ్ళ పిల్లల హాస్టల్‌కి వార్డెన్‌గా కుదిరాను. మకాం మా మేనత్త ఇంట్లో. టౌన్‌షిప్ నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఈ అడవి పల్లెకి ప్రార్థన అంటే ఏమిటో నేర్పే బాధ్యత నా మీదే ఉందనుకునేవాణ్ణి. గుళ్ళో అందరూ కూర్చున్నాక కూడా కాసేపు మోకాళ్ళ మీదే ఉండేవాణ్ణి. అప్పుడప్పుడూ నిట్టూర్చేవాణ్ణి కూడా (వెనక మూడో వరసకి వినిపించేలా నిట్టూర్చడం ఒక విద్య, సాధన మీద వస్తుంది).

ఆ ఊళ్ళో ప్రతి ఏటా పవిత్ర శుక్రవారం, అంటే గుడ్‌ఫ్రైడే నాడు గుడి నుంచి గుట్ట మీదికి సిలువ మార్గం నడుస్తారు. ముందు ఒకరు మద్దికర్రతో చేసిన పెద్ద సిలువ మోస్తారు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళంతా వస్తారు, అందరి కళ్ళూ ఆ మోసేవాడి మీదే ఉంటాయి. ఎవరు మోయాలో దానికి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు ఫాదర్ గారు చెబుతారు. అంతకు ముందు ఏడు మోసింది ట్రాక్టర్ నడిపే ఒకాయన, ఊరంతా ఆయన్ని ట్రాక్టరన్న అంటారు. ప్రసంగం మొదలవగానే స్తంభానికి ఆనుకుని గురకపెట్టే మనిషి. అలాంటివాడికే దక్కిన సిలువ నాకు దక్కకపోతే ఇంక దేవుడి రాజ్యంలో న్యాయం ఎక్కడుందని నా బాధ.

ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు ఫాదర్ గారు అందరి నుదుళ్ళ మీదా బూడిదతో సిలువ గుర్తు వేశారు. ఆ రోజు ప్రసంగమంతా ఒకే సంగతి. ఉపవాసం ఉన్నవాడు శుభ్రంగా ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, ఉపవాసం ఉన్నట్టు పక్కవాడికి కూడా తెలియనివ్వకూడదని. ముందు వరసలో కూర్చుని ప్రతి మాటా శ్రద్ధగా విన్నాను. విని ఇంటికొచ్చి, బూడిద చెరిగిపోతుందని మూడు రోజులు ముఖం కడుక్కోలేదు. ఆ గుర్తుతో భోపాల్‌పట్నం దాకా వెళ్ళి స్టూడియోలో ఫోటో తీయించుకుని, టౌన్‌షిప్‌లో స్నేహితులకి పోస్టు చేశాను. గుర్తు చెరిగిపోయాక అత్త పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసి రోజూ కొత్తగా దిద్దుకునేవాణ్ణి. అత్త కొన్నాళ్ళు చూసి, "గిన్నెలు తోమనీకె జెర ఉంచు అల్లుడా," అంది.

అత్త భక్తి మీద నాకు మంచి అభిప్రాయం లేదు. ఇప్పపూలు రాలే కాలం అది. చీకటితోనే బుట్ట పట్టుకుని చెట్ల కిందికి పోయి పూలేరుకొచ్చేది, పగలంతా వాకిట్లో ఆరబోసేది. శుక్రవారం సాయంత్రం ప్రార్థనలకి గుడికి వచ్చేసరికి సగం అయిపోయేవి, మిగిలిన సగం కునికేది. నేనొక రోజు కూర్చోబెట్టి జపమాల ఎలా చెప్పాలో వివరించాను. ఏరుకుంటూ చెప్పుకుంటానంది. వంగి పూలేరుకుంటూ చెప్పే జపం జపం కిందికి రాదని తీర్పు చెప్పాను. అట్లనా అని, మళ్ళీ పూలు తిరగేసుకోవడానికి వెళ్ళిపోయింది.

మట్టల ఆదివారం నాడు ఫాదర్ గారు నా పేరు చెప్పారు. తల వంచుకుని, అర్హుణ్ణి కానన్నట్టు ముఖం పెట్టాను. ఇంటికొచ్చాక ఒకటే బెంగ పట్టుకుంది. శుక్రవారం నాడు మండే ఎండలో గుట్ట ఎక్కితే చెమటకి బూడిద కారిపోతుంది. అంతమంది ముందు బోడి నుదురుతో సిలువ ఎలా మోయడం?

అత్త సంతకి తీసుకెళ్ళే సరుకులో నల్లజీడి గింజలు కనిపించాయి. మా టౌన్‌షిప్‌లో చాకలాయన ఆ గింజ రసంతోనే బట్టలకి గుర్తు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. బట్ట మీద పోని గుర్తు నుదుటి మీద మాత్రం ఎందుకు పోతుందని నా తెలివి. ఆ బుధవారం నాడు గింజని పిన్నుతో పొడిచి, రసంలో బూడిద కలిపి, అద్దంలో చూసుకుంటూ చక్కగా సిలువ గీసుకున్నాను. కాస్త చురుక్కుమంది. తపస్సన్నాక ఆ మాత్రం ఉంటుందనుకుని సంతోషించాను కూడా.

గురువారానికి దురద, మంట. శుక్రవారం తెల్లవారేసరికి నుదురంతా బొబ్బలు లేచి, ముఖం బూరెలా పొంగి, కళ్ళు రెండూ మూసుకుపోయాయి. అత్త చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏంది అల్లుడా ఇది? జీడి ఎవరు పెట్టిన్రు నీకు?"

"నేనే పెట్టుకున్నా అత్తా."

"గొడ్లకు కాలు బెణికితే పెడతరు అది. నీకేం బెణికింది?"

సిలువ ట్రాక్టరన్నకి వెళ్ళింది. చాప మీద పడుకుని, మా వీధిలోంచి పాట పాడుకుంటూ వెళ్తున్న జనాన్ని విన్నాను. ఏడుపొచ్చింది, కన్నీళ్ళకి బొబ్బలు ఇంకా మండాయి. అప్పటికి గానీ అత్త ఇంట్లోనే ఉందని తట్టలేదు. ఆ ఒక్క రోజు మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా గుట్ట ఎక్కే మనిషి, నా కోసం ఆగిపోయింది. వెళ్ళమన్నా కదల్లేదు. దూదితో కొబ్బరినూనె అద్దుతూ తనలో తను ఏదో అనుకుంటోంది. నాతోననుకుని చెవి ఒగ్గాను. నాతో కాదు.

"యేసయ్యా, నీ సిలువ ఎవరో ఒకరు మోస్తరు తియ్యి. ఈ పోరనికి జెర కండ్లు తెరిపియ్యి. మంచోడే, జెర పిచ్చోడు, గంతే."

పక్కింటావిడతో మాట్లాడినట్టే మాట్లాడుతోంది. మోకరింపు లేదు, నిట్టూర్పు లేదు, చూసేవాళ్ళు అసలే లేరు. నాకు సిగ్గేసింది. నేనూ ఏదైనా చెప్పుకుందామనుకుంటే కంఠతా వచ్చిన జపాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. చివరికి "తండ్రీ, మండుతోంది" అని మాత్రం అనుకున్నాను. నా జీవితంలో అది మొదటి ప్రార్థన అని ఇప్పటికీ నా నమ్మకం.

ఈస్టర్ తర్వాత ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి, నా భక్తిని నమ్మి ఎంచుకుంటే మాట నిలబెట్టుకోలేకపోయానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. "భక్తా? నువ్వు పొడుగు కదా నాయనా. పొట్టివాళ్ళు మోస్తే కర్ర కింద రాళ్ళకి తగిలి అరిగిపోతోంది," అన్నారాయన.

మరుసటి ఏడు కర్ర మీద జాలితో మళ్ళీ నన్నే అడిగారు. వద్దు, ట్రాక్టరన్నకే ఇవ్వమన్నాను. ఎంత వినయమండీ ఈ కుర్రాడికి అని గుడి ముందు ఆడవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ మాట విని నేనెంత పొంగిపోయానంటే, గుట్ట ఎక్కినంతసేపూ ఇంకా ఎవరైనా అంటారేమోనని చెవులు అక్కడే పెట్టి నడిచాను. పక్కన నడుస్తున్న అత్త నా వంక చూసి నవ్వింది.

ఇప్పుడు నా తల నెరుస్తోంది, ప్రార్థనకి కూర్చుంటే మోకాళ్ళు ఒప్పుకోవు. కళ్ళు మూసుకోగానే ఇప్పటికీ ముందు వచ్చేది ఆ కుర్రాడే, ఎవరు చూస్తున్నారా అని ఓరకంట వెతుక్కుంటూ. పొమ్మంటే పోడు. అందుకని ఈ మధ్య వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని, మంచోడే, జెర పిచ్చోడని యేసయ్యకి చెప్పి మొదలుపెడుతున్నాను.