ముట్టని గేరు

"ముట్టనే ముట్టలే!" ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. జహీరాబాద్‌లో పాత బండ్లు అమ్మే ఆయన దాన్ని ఎంత గర్వంగా అన్నాడో!

నేను కొనబోయింది జీపులాంటి పెద్ద పాత బండి. మా ఆయనకు కిడ్నీలు పాడై వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించాలి. మేముండేది ఝరాసంగం దగ్గర, ఇల్లు పొలంలోనే. వాన పడితే మా నల్లరేగడి బాటలోకి ఏ ఆటోవాడూ రాడు. నాలుగు చక్రాలూ లాగే బండైతే వస్తుందన్నారు. దానికోసమే డ్రైవింగ్ కూడా నేర్చుకున్నాను.

ఆ బండిలో సీటు పక్కన రెండు గేరు రాడ్లుంటాయి. పెద్దది మామూలు గేరు. చిన్నది వేస్తే గేరుబాక్సు వెనకున్న ట్రాన్స్‌ఫర్ కేస్, వెనక చక్రాలకు పంపే ఇంజిను బలాన్ని ముందు చక్రాలకు కూడా పంపుతుంది. నాకు కావలసింది ఆ చిన్నదే. దాని గురించి అడిగింది నేను, అమ్మే ఆయన జవాబు చెప్పింది మాత్రం నా వెంట వచ్చిన మా అన్నకు. "పదేండ్ల సంది గీ చిన్న గేరు ఎవ్వలు ముట్టనే ముట్టలే అన్నా. సీల్ బంద్ లెక్క ఉన్నది."

మా అన్న మురిసిపోయాడు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు! మా దిక్కు ముట్టనిదంటే కొత్తదనే లెక్క. మా పెళ్లికి పెట్టిన కుక్కరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

మొదటి పెద్ద వానకే సంగతి తెలిసింది. పొద్దున్నే మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని డయాలసిస్‌కు బయలుదేరాను. కంది చేను దాటగానే వెనక చక్రాలు దిగబడ్డాయి. చిన్న గేరు లాగాను, కదల్లేదు. రెండు చేతులతో గుంజాను. లోపల టక్కుమంది, రాడు వదులైపోయింది. ఇంజిను అరుస్తోంది గాని ఒక్క చక్రమూ తిరగడం లేదు.

ఒక్క పూట ఆలస్యమైతే చాలు, ఒంట్లో నీరు చేరి ఆయనకు ఊపిరాడదు. అప్పటికే ఆయాసం మొదలైంది. "నువ్వేం ఫికర్ చెయ్యకు, రోడ్డు దాంక నడుస్త" అంటూ దిగాడు. వాచిన కాళ్లు పిక్కల దాకా బురదలోకి పోయాయి. పది అడుగులు వేయడం, నా భుజం పట్టుకుని నిలబడటం. పక్క చేను రైతు ట్రాక్టరు తెచ్చి ఎక్కించుకోకపోతే ఏమయ్యేదో! దవాఖాన చేరేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి. ఆక్సిజన్ పెట్టాకే మిషన్ ఎక్కించారు. రాత్రికి అక్కడే ఉంచుకున్నారు.

మర్నాడు బండి విప్పిన మెకానిక్ ట్రాన్స్‌ఫర్ కేస్‌లోని తారులాంటి నూనె చూపించాడు. "గీ నూనె ఎన్నడు మార్చలేదమ్మా. నెలకోసారన్న గేరు ఏస్తె నూనె లోపటంత పారుతది. ముట్టకుంట వదిలేస్తె తుప్పువట్టి బిగుసుకపోతది. నువ్వు గుంజినవ్, ఇరిగింది."

విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని నేరుగా బండి అమ్మినాయన దగ్గరికి పోయాను. ఆయన టేబుల్ మీదే కుమ్మరించాను. ఏమన్నా తగ్గాడా? "నేనేమన్న దాచిన్నా అక్కా? ముట్టలేదని ముందుగాల్నే చెప్పిన గద!"

"గన్ని ఏండ్ల సంది బండ్లమ్ముతున్నవ్. నూనె మార్చిన్రా లేదా అని ఒక్కనాడన్న చూసినవా? నా మొగని పానం పోతుండె!" అని అరిచాను. బజారంతా వినిపించినా సిగ్గుపడలేదు.

ఆయన చల్లగా అన్నాడు: "ఎవ్వలడుగుతరక్కా? అందరు సీటు కవర్లు చూస్తరు, పెయింటు చూస్తరు. నూనె సంగతి నువ్వన్న అడిగినవా?"

అడగలేదు. ముక్కలు మళ్లీ సంచిలోకి ఎత్తుకుని దవాఖానకు పోయాను. మా ఆయన ఇంకా మంచం మీదే ఉన్నాడు.

"ఏమన్నడు బండి అమ్మినోడు?" అన్నాడు.

"నూనె సంగతి నేను అడగలేదట. అందుకే చెప్పలేదట."

మా ఆయన ముక్కు మీది ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపాడు. "ముట్టకుంట వదిలేస్తె ఏమైతదో ఇప్పుడొచ్చి నన్నడగమను. నేను చెప్త."